దుర్గంధానికి కొలమానం: మురుగునీటి వాసనల నియంత్రణ చరిత్ర

మురుగునీటి దుర్గంధాన్ని అదుపు చేయడం, దాన్ని కొలవడం అనే రెండు విద్యలు ఒకే కాలంలో పుట్టినవి కావు. మొదటిది 19వ శతాబ్దపు లండన్‌లో రాజకీయ అవసరంగా తలెత్తగా, రెండోది 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో గాని స్థిరమైన రూపం దాల్చలేదు. ఈ రెంటికీ నడుమ గడిచిన కాలంలో దుర్గంధాన్ని గురించిన అవగాహన మూడు దశలు దాటింది. తొలిదశలో దుర్గంధమే రోగమని నమ్మారు. మలిదశలో రోగకారణం అది కాదని తేలడంతో దాన్ని వట్టి చికాకుగా భావించి పక్కకు నెట్టారు. మూడో దశలో అది మురుగులో జరుగుతున్న జీవరసాయన మార్పులకు గుర్తు అనీ, మనుషుల ముక్కుతోనే లెక్కకట్టదగిన కాలుష్యమనీ అంగీకరించారు. మూడు దశల్లోనూ ఒక ధోరణి మాత్రం విడవకుండా కనిపిస్తుంది: వాసన పుట్టే చోటును చక్కదిద్దడం కంటే దాన్ని మరొకరి వాకిలి ముందుకు తరలించడమే పాలకులకు సులువుగా తోచింది. ఈ ధోరణికి అడ్డుకట్ట వేయగలిగింది మందులు, యంత్రాలు మాత్రమే కాదు, వాసనను భరించేవారి మాటకు లెక్కలో చోటిచ్చిన కొలమానం కూడా.

దుర్గంధమే రోగమన్న నమ్మకం

1801లో సుమారు 10 లక్షలున్న లండన్ జనాభా 1851 నాటికి 23 లక్షలు దాటింది. అంతమంది విసర్జించే మలినం అప్పటివరకు ఇళ్ళ కింద, పెరళ్ళలో తవ్విన గుంతల్లో చేరేది; రాత్రివేళ పనివారు వాటిని తోడి, బండ్లకెత్తి, నగరం వెలుపలి పొలాలకు ఎరువుగా అమ్మేవారు. వీధుల కింది కాలువలు వాననీటికి మాత్రమే ఉద్దేశించినవి కాబట్టి ఇళ్ళ మలినాన్ని వాటిలోకి వదలడం 1815 దాకా నిషిద్ధం. నీటితో కడిగే మరుగుదొడ్లు సంపన్నుల ఇళ్ళ నుంచి మధ్యతరగతి ఇళ్ళకు వ్యాపించిన కొద్దీ, మలంతో పాటు బిందెల కొద్దీ నీరు కూడా గుంతల్లోకి చేరి అవి పొంగిపొర్లాయి. దానికి విరుగుడుగా 1840ల చివర గుంతలను మూయించి, ఇళ్ళ మురుగునంతా వీధి కాలువలకు కలిపించారు. ఆ కాలువలన్నీ థేమ్స్ నదిలోకి తెరుచుకునేవి. సముద్రపు ఆటుపోట్లు లండన్ దాటి పైదాకా సాగే నది అది. అందువల్ల ఆటులో కిందికి పోయిన మురుగు పోటులో తిరిగి నగరం నడిబొడ్డుకే వచ్చేది, పైగా కొన్ని కంపెనీలు జనానికి తాగునీరు తోడింది కూడా ఆ నది నుంచే.

ఈ మార్పు వెనుక బలమైన సిద్ధాంతమే ఉంది. కుళ్ళుతున్న పదార్థాల నుంచి లేచే చెడుగాలే కలరా, విషజ్వరం వంటి వ్యాధులకు మూలమని చెప్పే ఆ సిద్ధాంతాన్ని మయాజ్మా వాదమని పిలిచేవారు. శ్రామికుల ఆరోగ్య పరిస్థితులపై 1842లో ప్రసిద్ధ నివేదిక రాసిన ఎడ్విన్ చాడ్విక్ ఆ వాదాన్ని గట్టిగా నమ్మినవాడు. ఆయన దృష్టిలో ఇంటి కింది గుంత నుంచి వచ్చే వాసన ఇంటిల్లిపాదికీ మృత్యువే కాబట్టి, దాన్ని ఎంత త్వరగా నదిలోకి కడిగేస్తే అంత మేలు. ఫలితం తలకిందులైంది. 1848–49లో లండన్‌లో 14 వేలమందికి పైగా, 1853–54లో 10 వేలమందికి పైగా కలరాతో చనిపోయారు. కలరా గాలిలో కాదు, నీటిలో ఉందని వైద్యుడు జాన్ స్నో 1854లో బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ సంభవించిన మరణాలను గుర్తించి చూపించాడు. చర్మాలు, ఎముకలు ఉడికించే పరిశ్రమల వాసన దానంతటది రోగం తేదని 1855లో పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పాడు. ఆ మాటను నాటి వైద్యలోకంలో ఎక్కువమంది తోసిపుచ్చారు.

నదిలో మునిగిన కాగితపు ముక్కలు, 1858 వేసవి

మురుగు తీవ్రతను కళ్ళకు కట్టేలా పరీక్షించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి ఆ కాలానిదే. 1855 జులైలో శాస్త్రవేత్త మైకేల్ ఫారడే ఆవిరి పడవలో థేమ్స్‌పై ప్రయాణిస్తూ, తెల్లని అట్టలను ముక్కలుగా చించి, తేలిపోకుండా మునిగేందుకు తడిపి, పడవ ఆగిన ప్రతి రేవు దగ్గరా నీటిలోకి వదిలాడు. ఎండ బాగానే కాస్తున్నా ఆ ముక్కలు ఉపరితలం నుంచి అంగుళం లోతుకు దిగకముందే కంటికి కనపడకుండా పోయాయి. నది పొడవునా నీరు మట్టిరంగు ద్రవంగా మారిందనీ, దాని వాసన వీధి మురుగు గుంటల వాసనతో సమానంగా ఉందనీ ఆయన టైమ్స్ పత్రికకు రాసిన లేఖలో వివరించాడు. ఎలాంటి ప్రయోగశాలా లేకుండా, ఎవరైనా తిరిగి చేసి చూసుకోగలిగిన పరీక్ష అది. ఇష్టాయిష్టాలతో పనిలేని సాక్ష్యం ఉంటేనే ఫిర్యాదుకు బలం చేకూరుతుందన్న సూత్రానికి ఈ చరిత్రలో అదే తొలి ఉదాహరణ.

అయినా పాలకులు కదలడానికి మరో 3 ఏళ్ళు పట్టింది. 1858 జూన్‌లో ఎండలు మండిపోయి, నదిలో నీరు తగ్గి, ఒడ్డున పేరుకున్న మలినం ఎండకు కుళ్ళడంతో లేచిన కంపు నది ఒడ్డునే ఉన్న పార్లమెంటు భవనాన్ని ముంచెత్తింది. కిటికీలకు బ్లీచింగ్ పౌడరు ద్రావణంలో తడిపిన తెరలు కట్టారు. నదిలోకి, కాలువల నోళ్ళలోకి టన్నులకొద్దీ సున్నం, బ్లీచింగ్ పౌడరు పోశారు. ఆర్థికమంత్రి బెంజమిన్ డిజ్రేలీ ఒక చేత్తో కాగితాలు, మరో చేత్తో ముక్కుకు రుమాలు పట్టుకుని సమావేశపు గది నుంచి బయటికి వెళ్ళవలసి వచ్చింది. ఆ డిజ్రేలీయే జులై 15న బిల్లు ప్రవేశపెట్టగా ఆగస్టు 2 నాటికి అది చట్టమైంది; అంతవరకు అధికారం కోసం, నిధుల కోసం ఎదురుచూస్తున్న నగర నిర్మాణ మండలికి 30 లక్షల పౌండ్ల అప్పు తెచ్చుకునే వీలు కలిగింది. కలరాతో వేలమంది చనిపోయినప్పుడు సాగుతూ వచ్చిన తాత్సారం, చట్టాలు చేసేవారి ముక్కుపుటాలకే దుర్గంధం సోకినప్పుడు కొద్దివారాల్లో ముగిసిపోయింది.

తూర్పుకు తరలిన వాసన

మండలి ప్రధాన ఇంజనీరు జోసెఫ్ బాజల్‌జెట్ రూపొందించిన పథకం సూటిగా ఉంది. ఉత్తర, దక్షిణ తీరాల నుంచి నదివైపు వాలుగా వచ్చే కాలువలను అడ్డంగా ఖండిస్తూ, నదికి సమాంతరంగా పెద్ద ఇటుక సొరంగాలు కట్టి, మురుగునంతా నగరానికి తూర్పున, నది దిగువకు మళ్ళించాలి. పల్లపు ప్రాంతాల మురుగును ఆవిరి యంత్రాలతో పైకి తోడాలి. ఆటు మొదలయ్యే వేళకు నదిలోకి వదిలితే నీరే దాన్ని సముద్రంలోకి లాక్కుపోతుంది. సుమారు 132 కిలోమీటర్ల ప్రధాన సొరంగాలున్న ఈ వ్యవస్థలో ఉత్తరపు మురుగు బెక్టన్ దగ్గర, దక్షిణపు మురుగు క్రాస్‌నెస్ దగ్గర నదిలో కలిసేవి. క్రాస్‌నెస్ పంపింగ్ కేంద్రం 1865 ఏప్రిల్ 4న ప్రారంభమైంది. 1866లో లండన్‌ను చివరిసారిగా పట్టిన కలరా ముఖ్యంగా తూర్పు లండన్‌ను, అంటే కొత్త వ్యవస్థ ఇంకా పూర్తికాని ప్రాంతాన్నే దెబ్బతీయడం ఆ నిర్మాణం విలువను నిరూపించింది.

అయితే ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టంగా గుర్తించాలి: బాజల్‌జెట్ వ్యవస్థలో శుద్ధి అన్నదే లేదు. అది దుర్గంధాన్ని పోగొట్టలేదు, పార్లమెంటున్న వెస్ట్‌మిన్‌స్టర్ నుంచి బార్కింగ్‌కు తరలించింది. బెక్టన్ పక్కనున్న బార్కింగ్ నివాసులు 1860ల చివర్లోనే నదిలో పేరుకుంటున్న బురద గురించి, కంపు గురించి మొరపెట్టుకున్నా వారి గొంతుకు పార్లమెంటు సభ్యుల రుమాలుకున్న విలువ దక్కలేదు. 1878 సెప్టెంబరు 3న ప్రిన్సెస్ ఆలిస్ అనే విహారనౌక మరో ఓడను ఢీకొని సరిగ్గా ఆ ప్రాంతంలోనే మునిగిపోగా 600 మందికి పైగా మరణించారు. కొద్దిసేపటి ముందే వదిలిన మురుగు ఆ నీటినిండా ఉండడంతో దుర్ఘటన దేశమంతటా చర్చకు వచ్చింది. 1882లో నియమితమైన రాజసంఘం, ఘనపదార్థాన్ని వేరు చేయకుండా మురుగును నదిలోకి వదలకూడదని తేల్చింది. అప్పుడు సున్నం, ఇనుప లవణాలు కలిపి మడ్డిని, అంటే మురుగులోంచి అడుగున దిగే చిక్కని బురదను, వేరుచేసి 1887 నుంచి ఓడల్లో సముద్రానికి మోయించడం మొదలుపెట్టారు. ఆ మోత 1998 దాకా సాగింది. వాసన పశ్చిమం నుంచి తూర్పుకు, తూర్పు నుంచి సముద్రానికి ఇలా మజిలీలు మార్చుకుంటూ వెళ్ళింది.

నేల కింద మూసిన కాలువల్లో గాలి మాట మరో సమస్య అయింది. సొరంగంలో పోగైన వాయువు ఇళ్ళ గొట్టాల గుండా లోపలికి తన్నుకు రాకుండా వీధి మధ్యలో జాలీ మూతలు పెడితే, ఆ వీధివారే వాటి వాసన భరించలేమని గోలపెట్టారు. రసాయన శాస్త్రవేత్త జాన్ స్టెన్‌హౌస్ 1854 ప్రాంతంలో కొయ్యబొగ్గుకు వాయువులను పీల్చుకుని నిలుపుకునే శక్తి ఉందని చూపి, బొగ్గు పొరల గుండా గాలిని వడకట్టే ముసుగులు, తెరలు తయారుచేశాడు. అదే సూత్రంతో కాలువల గాలిరంధ్రాల్లో బొగ్గు తట్టలు అమర్చారు. అవి పొడిగా ఉన్నంతకాలం పనిచేసి, తేమ పట్టగానే మొరాయించేవి. ఇంటి కప్పుల కంటే ఎత్తుగా నిలబెట్టిన ఇనుప గాలిగొట్టాలు, కాలువ గాలిని పైకి లాగి మంటలో కాల్చే వీధిదీపాలు ఆ తరువాత వచ్చాయి. నేటి శుద్ధి కేంద్రాల్లో వాడే కార్బన్ వడపోతకు, ఎత్తైన పొగగొట్టానికి, వాయుదహనానికి పూర్వరూపాలు ఇవే.

చంపడం నుంచి పెంచడానికి

మురుగును క్రిమిసంహారక మందులతో చంపితేనే వాసన పోతుందని 1880ల దాకా అందరూ అనుకున్నారు. లండన్ మండలి రసాయనికుడిగా వేసవిలో నదిలోకి వదిలే మురుగుకు మాంగనీసు లవణాలు కలిపించే బాధ్యత మోసిన విలియం డిబ్డిన్‌కు, ఆ పనిలో ఉండగానే తద్విరుద్ధమైన సత్యం స్ఫురించింది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని శుద్ధి చేసేది సూక్ష్మజీవులే కాబట్టి వాటిని చంపడం కాదు, వాటికి గాలి అందించి పెంచడమే మార్గమని ఆయన వాదించాడు. 1890ల తొలినాళ్ళలో బార్కింగ్ దగ్గర కోక్ బొగ్గు, గులకలు నింపిన మడుగుల్లోకి మురుగును నింపుతూ, ఖాళీ చేస్తూ దాన్ని నిరూపించాడు. ఈ దారిలోనే 1914లో మాంచెస్టర్ సమీపంలోని డేవీహల్మ్‌లో ఎడ్వర్డ్ ఆర్డెర్న్, విలియం లాకెట్ మురుగులోకి గాలి ఊది, పెరిగిన సూక్ష్మజీవుల బురదను తిరిగి తిరిగి వాడే ఉత్తేజిత మడ్డి పద్ధతిని ప్రకటించారు. ఇవాళ హైదరాబాదు నుంచి టోక్యో దాకా పట్టణ శుద్ధి కేంద్రాల్లో విస్తృతంగా వాడే పద్ధతికి, దాని రూపాంతరాలకు మూలం అదే.

ఇదే కాలంలో మయాజ్మా వాదం కూలిపోయింది. రాబర్ట్ కాక్ 1883–84లో ఈజిప్టులోనూ కలకత్తాలోనూ కలరా సూక్ష్మజీవిని గుర్తించాడు. చిత్తడి నేలల చెడుగాలి వల్లే మలేరియా వస్తుందన్న నమ్మకానికి 1897 ఆగస్టులో సికిందరాబాదులో దోమ కడుపులో పరాన్నజీవిని కనుగొన్న రొనాల్డ్ రాస్ తెరదించాడు. వాసనకు రోగానికి ముడి తెగిపోవడం వైద్యానికి గొప్ప మేలు చేసింది గాని, దుర్గంధం బాధితులకు మాత్రం చేటు చేసింది. వాసన వల్ల ఎవరూ చావరన్న మాట పట్టుకుని, దాదాపు అర్ధశతాబ్దం పాటు శుద్ధి కేంద్రాలను ఊరి చివర పేదల బస్తీల పక్కన కట్టి, కంపును అనివార్యమని సరిపెట్టుకున్నారు.

వాసన పుట్టే తావు

దుర్గంధాన్ని మళ్ళీ శాస్త్రం ముందుకు తెచ్చింది కాంక్రీటు. మురుగుకు కుళ్ళిన కోడిగుడ్డు వాసన తెచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు మురుగునీటి గొట్టాల పైకప్పును తినేస్తోందని అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఇంజనీర్లు గమనించారు. దాని పుట్టుకకు కారణమైన జీవులను, అంటే ఆక్సిజన్ లేనిచోట సల్ఫేటు లవణాలతో బతికే బ్యాక్టీరియాను, డచ్ శాస్త్రవేత్త మార్టినస్ బైరింక్ 1895లోనే వేరుచేశాడు. గొట్టం లోపలి గోడకు పట్టిన జిగురు పొరలో ఈ జీవులు సల్ఫేటును సల్ఫైడుగా మారుస్తాయి; నీరు ఎగిసిపడే చోట అది వాయువై పైకి లేస్తుంది; తడిగా ఉన్న పైకప్పు మీద మరో జాతి బ్యాక్టీరియా దాన్ని గంధకామ్లంగా మార్చగా, ఆ ఆమ్లం కాంక్రీటును పిండిలా రాలుస్తుంది. ఈ చివరి మెట్టును మెల్‌బోర్న్‌లో సి.డి. పార్కర్ 1945లో నిరూపించాడు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో పనిచేసిన రిచర్డ్ పోమరాయ్ 1940ల నుంచి సల్ఫైడు ఎంత పుడుతుందో ముందే అంచనా వేసే సూత్రాలు కట్టాడు. నీటి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సల్ఫైడు ఉత్పత్తి సుమారు 7 శాతం పెరుగుతుందని, అంటే 10 డిగ్రీలకు దాదాపు రెట్టింపవుతుందని ఆ సూత్రాలు చెబుతాయి. చలిదేశపు కాలువకూ తెలుగునాట మే నెల కాలువకూ ఉన్న తేడా ఎంతో ఈ ఒక్క లెక్కతో అర్థమవుతుంది.

హైడ్రోజన్ సల్ఫైడ్‌కు మరో భయంకరమైన గుణం ఉంది. గాలిలో వందకోట్ల భాగాలకు కొద్ది భాగాలున్నా దాన్ని ముక్కు పసిగడుతుంది గాని, పదిలక్షల భాగాలకు 100 భాగాలు దాటేసరికి వాసన పట్టే నరాలే మొద్దుబారి ఏ వాసనా తెలియకుండా పోతుంది. అంతకు అయిదారు రెట్లు మించితే ప్రాణమే పోతుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికుడికి మొదట గుప్పుమన్న కంపు కాసేపటికి తగ్గిందనిపిస్తే అది ప్రమాదం తప్పిందన్న గుర్తు కాదు, ముంచుకొచ్చిందన్న గుర్తు. రక్షణ లేకుండా మనుషులను మురుగు కాలువల్లోకి దింపడాన్ని భారతదేశంలో 2013 నాటి చట్టం నిషేధించినా మరణాలు ఆగలేదు. వాసనను కొలవడమంటే ఇరుగుపొరుగు సౌఖ్యానికి సంబంధించిన ముచ్చట మాత్రమే కాదనడానికి ఇంతకంటే వేరే నిదర్శనం అక్కరలేదు.

మురుగు వాసనలో సల్ఫైడు ఒక్కటే ఉండదు. అమ్మోనియా, చేపల కంపును పోలిన అమీన్లు, కుళ్ళిన క్యాబేజీ వాసన తెచ్చే మెర్‌కాప్టాన్లు, మలానికి దాని ప్రత్యేక వాసననిచ్చే స్కటోల్, ఇండోల్, పులిసిన కొవ్వు ఆమ్లాలు కలిసి ఉంటాయి. వీటి ఉత్పత్తి స్థానాలు శుద్ధి కేంద్రంలో అన్నిచోట్లా సమానంగా ఉండవు. మురుగు లోపలికొచ్చే ముఖద్వారం, చెత్త పట్టే జల్లెడలు, మొదటి తేర్పుడు తొట్టి, మడ్డి చిక్కబరచి నీరు పిండే చోటు ఎక్కువ కంపు కొడతాయి. గాలి బాగా ఆడే తొట్టి నుంచి మాత్రం తడిమట్టిని తలపించే వాసన వస్తుంది. ఈ అవగాహన నుంచే నేటి నియంత్రణ పద్ధతి రూపుదిద్దుకుంది: మొదట మురుగు కుళ్ళకుండా గొట్టాల్లోనే ఇనుప లవణాలు, నైట్రేట్లు లేదా ఆక్సిజన్ కలపడం, తరువాత కంపు పుట్టే తొట్లకు మూతలు వేయడం, ఆ మూతల కింది గాలిని ఫ్యాన్లతో లాగడం, చివరికి ఆ గాలిని శుద్ధి చేసి వదలడం. గాలి శుద్ధికి స్క్రబ్బర్లు వాడతారు, అంటే కాస్టిక్ సోడా, హైపోక్లోరైట్ ద్రావణాలు జల్లుగా కురిసే గోపురాల గుండా గాలిని పంపి వాయువులను కడిగేస్తారు. లేదా బొగ్గు వడపోతలు, జీవ వడపోతలు వాడతారు. మట్టిలోని సూక్ష్మజీవుల చేత వాసనను తినిపించవచ్చని 1923లోనే జర్మనీలో బాఖ్ అనే పరిశోధకుడు సూచించాడు. 1957లో పోమరాయ్ ఆ పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందాడు. 1960లలో సియాటిల్ పక్కనున్న మెర్సర్ ద్వీపంలో మట్టి పడకల గుండా మురుగు వాయువును పంపి, అది మట్టి పీల్చుకోవడం వల్ల కాక జీవక్రియ వల్లనే శుద్ధి అవుతోందని తేల్చారు. సెంటుజల్లి కంపును కప్పిపుచ్చే అలవాటు ఇప్పటికీ కొన్నిచోట్ల ఉన్నా, అది 1858 నాటి తెరలకు వారసత్వమే తప్ప నియంత్రణ కాదు.

ముక్కే పరికరం

నియంత్రణకు ఇన్ని పద్ధతులు వచ్చినా, అవి ఫలించాయో లేదో తేల్చే కొలత లేకపోతే ఫిర్యాదుదారుకూ కేంద్రం నడిపేవారికీ మధ్య తగవు తెగదు. సల్ఫైడును సీసపు లవణం పూసిన కాగితం నల్లబడడంతో, ఆ తరువాత పలుచని బంగారు పొర విద్యుత్ నిరోధంలో వచ్చే మార్పుతో కొలవగలిగారు. కానీ డజన్లకొద్దీ వాయువులు కలిసిన వాసన మనిషికి ఎలా సోకుతుందో ఒక్క వాయువు లెక్క చెప్పలేదు. ముక్కునే పరికరంగా మార్చే ఆలోచన నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ శాస్త్రవేత్త హెండ్రిక్ జ్వార్డమాకర్ 1888లో చేసిన ఘ్రాణమాపకంతో మొదలైంది. వాసన గల రబ్బరు గొట్టంలోకి గాజు గొట్టాన్ని జొనిపి, దాన్ని వెలుపలికి లాగిన కొద్దీ బయటపడే రబ్బరు లోపలి భాగాన్ని బట్టి వాసన తీవ్రతను నిర్ణయించడం దాని కిటుకు. సుమారు 1960 నాటికి అమెరికాలో సెంటోమీటరు అనే చేతిపెట్టె వచ్చింది; బొగ్గు గుండా వచ్చే శుభ్రమైన గాలిలో, వేర్వేరు సైజుల రంధ్రాల గుండా వచ్చే బయటి గాలి కలిసేలా చేసి, ఏ రంధ్రం తెరిచినప్పుడు వాసన తెలిసిందో నమోదు చేసేవారు.

నిజమైన మలుపు జపాన్‌లో వచ్చింది. పరిశ్రమల వేగంతో పాటు దుర్గంధం ఫిర్యాదులు పెరిగిపోగా ఆ దేశం 1971లో దుర్గంధ నియంత్రణకే ప్రత్యేకంగా చట్టం చేసింది. మరుసటి ఏడాది టోక్యోలో త్రికోణ సంచి పరీక్ష రూపుదిద్దుకుంది. పరీక్షకుడి ముందు 3 సంచులుంచుతారు. రెండింటిలో శుభ్రమైన గాలి, ఒకదానిలో పలుచన చేసిన వాసన గాలి ఉంటుంది. ఏది వాసన సంచో అతడు గుర్తించాలి. సరిగ్గా గుర్తించిన కొద్దీ మరింత పలుచన చేసి, గుర్తించలేని దశ వచ్చేదాకా పరీక్ష సాగిస్తారు. ఊహించి చెప్పేవాడు ఎక్కువసేపు నెగ్గలేడు కాబట్టి అభిప్రాయం స్థానంలో లెక్క వచ్చి నిలబడింది.

ఐరోపాలో జర్మనీ, నెదర్లాండ్స్ ప్రమాణాల అనుభవాన్ని కలిపి 2003లో ఈఎన్ 13725 అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించారు. 2022లో దాన్ని సవరించారు. శుద్ధి కేంద్రపు గాలిని ప్రత్యేకమైన ప్లాస్టిక్ సంచిలో పట్టి, 30 గంటల్లోపు ప్రయోగశాలకు చేర్చి, కనీసం నలుగురు పరీక్షకులు పీల్చేలా, బాగా పలుచన చేసిన దశ నుంచి క్రమంగా చిక్కబరుస్తూ గొట్టం గుండా అందిస్తారు. సగంమందికి వాసన తగిలే దశకు రావడానికి ఎన్నిరెట్ల శుభ్రమైన గాలి కలపాల్సి వచ్చిందో అదే ఘనమీటరుకు ఇన్ని వాసన యూనిట్లు అన్న లెక్క. పరీక్షకులను ఎంచే పద్ధతిలోనే ఈ ప్రమాణం బలమంతా ఉంది. బ్యూటనాల్ అనే ద్రావణిని గాలిలో వందకోట్ల భాగాలకు 20 నుంచి 80 భాగాల మధ్య గుర్తించగలిగేవారినే తీసుకుంటారు. మరీ చురుకైన ముక్కును, మరీ మొద్దు ముక్కును రెంటినీ పక్కన పెడతారు. గ్రాము రాళ్ళతో తక్కెడను సరిచూసుకున్నట్టు మనిషి ముక్కును సరిచూసుకోవడం ఇక్కడ సాధ్యమైంది. 1982లో ఇంగ్లండులోని వారిక్ విశ్వవిద్యాలయంలో కృష్ణ పెర్సాడ్, జార్జ్ డాడ్ ప్రతిపాదించిన ఎలక్ట్రానిక్ ముక్కు రోజంతా కాపలా కాయగలదు గాని, అది ఏ వాసనను ఎంతగా చూపాలో నేర్పేది మళ్ళీ ఈ మనుషుల ముక్కే.

ఈ కొలతకు కాలం, గాలివాటం కూడా తోడైతేనే అది న్యాయానికి పనికొస్తుంది. కేంద్రం నుంచి వెలువడే యూనిట్లను గాలివేగం, దిశల లెక్కలతో కలిపి, ప్రతి ఇంటి దగ్గర ఏడాదిలో ఎన్ని గంటలు ఎంత వాసన ఉంటుందో కంప్యూటరు నమూనాలతో అంచనా వేస్తారు. ఇంగ్లండు పర్యావరణ సంస్థ 2011 మార్గదర్శకాల ప్రకారం తీవ్రంగా అసహ్యం కలిగించే వాసన ఘనమీటరుకు 1.5 యూనిట్లను, మధ్యస్థమైనది 3 యూనిట్లను, తేలికపాటిది 6 యూనిట్లను ఏడాదిలో 2 శాతం గంటలకు, అంటే సుమారు 175 గంటలకు మించి దాటకూడదు. పశ్చిమ లండన్‌లో 1930ల నుంచి నడుస్తున్న మోగ్డెన్ శుద్ధి కేంద్రంపై వెయ్యిమందికి పైగా నివాసులు వేసిన దావాలో 2011లో హైకోర్టు కొన్ని అంశాల్లో నిర్వాహకుల నిర్లక్ష్యాన్ని గుర్తించింది. బార్కింగ్ వారి మొర గాలికి పోయిన చోటే, మోగ్డెన్ వారి మొర సాక్ష్యాధారాలతో న్యాయస్థానం దాకా వెళ్ళగలిగింది.

తెలుగు నగరాల వంతు

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద తరువాత హైదరాబాదు పునర్నిర్మాణానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. జలాశయాలతో పాటు నగర డ్రైనేజీకీ ఆయన ప్రణాళిక వేసి, ఆ పనుల కోసం 1922లో మళ్ళీ వచ్చాడు. నగరం ఆ ప్రణాళిక హద్దులు దాటి ఎన్నోరెట్లు పెరిగింది. అంబర్‌పేటలో రోజుకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో కట్టిన కేంద్రంలో యూఏఎస్‌బీ పద్ధతి వాడారు. నెదర్లాండ్స్‌లో గాట్సే లెటింగా 1970లలో అభివృద్ధి చేసిన ఈ పద్ధతిలో మురుగు అడుగు నుంచి పైకి ప్రవహిస్తూ ఆక్సిజన్ అవసరం లేని బ్యాక్టీరియా దుప్పటి గుండా సాగుతుంది. గాలి ఊదే కరెంటు ఖర్చు తప్పుతుంది, వేడి వాతావరణం దానికి అనుకూలం, గ్యాస్ కూడా చేతికొస్తుంది. 1989లో కాన్పూరులో గంగా కార్యాచరణ ప్రణాళిక కింద ప్రయత్నించి చూశాక అది దేశంలో వ్యాపించింది. కానీ ఆక్సిజన్ లేని ఆ వాతావరణమే సల్ఫేటును సల్ఫైడుగా మార్చేది కాబట్టి, బయటికొచ్చే నీటిలోనూ గ్యాసులోనూ దుర్గంధానికి మూలం ఉండనే ఉంటుంది. కరెంటు బిల్లులో మిగిలింది మూతలకు, వాయుశుద్ధికి కేటాయించకపోతే ఆ మిగులును చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తమ ఊపిరితో చెల్లించినట్టే లెక్క.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2008లో దుర్గంధ కాలుష్యంపై మార్గదర్శకాలు వెలువరించింది. హైదరాబాదులో 2021లో మంజూరైన 31 కొత్త శుద్ధి కేంద్రాలు, రోజుకు 1,259.5 మిలియన్ లీటర్ల సామర్థ్యంతో, ఎక్కువగా గాలి ఊదే పద్ధతుల వైపు మొగ్గాయి. మూసీలోకి శుద్ధి కాకుండా చేరే మురుగును తగ్గించడానికి ఇది అవసరమైన అడుగే. అయితే ఇవి ఇప్పుడు ఊరి చివర కాదు, అపార్టుమెంట్లు, బస్తీలు, చెరువు గట్ల మధ్య వెలుస్తున్నాయి. కాబట్టి శుద్ధి నీటిలో మాలిన్యం ఎంత తగ్గిందో చూపే లెక్క ఒక్కటే చాలదు. ప్రహరీ దగ్గర వాసన యూనిట్లెన్ని, గాలి ఏ వైపు వీచినప్పుడు ఏ వీధికి ఎన్ని గంటలు సోకుతోంది, ఫిర్యాదు వచ్చిన రోజున మడ్డి పిండే యంత్రం గాని స్క్రబ్బరు గాని ఆగిందా అన్న వివరాలు కూడా నమోదై, అక్కడ నివసించేవారికి అందుబాటులో ఉండాలి.

లండన్ నుంచి టోక్యో దాకా సాగిన ఈ చరిత్ర నేర్పిన పాఠం ఖచ్చితమైనది. పరిజ్ఞానం లేకపోవడం వల్ల దుర్గంధం నిలిచిపోయిన సందర్భాల కంటే, దాన్ని పీలుస్తున్నవారి మాట లెక్కలోకి రాకపోవడం వల్ల నిలిచిపోయిన సందర్భాలే ఎక్కువ. బొగ్గు వడపోత 1850లలోనే ఉంది, గాలి ఊదే పద్ధతి 1914లోనే ఉంది, జీవ వడపోత ఆలోచన 1923లోనే ఉంది. ఆలస్యంగా వచ్చింది కొలమానమే, ఆ కొలమానాన్ని ప్రమాణంగా మార్చే చట్టమే. దుర్గంధ పరిమితిని టెండరు పత్రంలో, అనుమతి షరతుల్లో, నిర్వహణ ఒప్పందంలో అంకెలతో రాసి, దాన్ని కొలిచే శిక్షణ పొందిన బృందాలను తెలుగు నగరాలు తయారుచేసుకోగలిగితే, 1858లో పార్లమెంటు సభ్యులకు దక్కిన మన్నన నాలా పక్కన గుడిసెలో ఉండేవారికి కూడా దక్కుతుంది. మురుగునీటి శుద్ధి ప్రజారోగ్య సేవ అనిపించుకోవాలంటే, నీటితో పాటు గాలిని కూడా శుభ్రంగా తిరిగి అప్పగించడం దాని కర్తవ్యంలో భాగం కావాలి.